పాత ఫ్రెంచి ప్రకటన పోస్టర్లు మన గోడ మీదికి: బొమ్మ ఎంచుకోవడం నుంచి మేకు కొట్టడం దాకా

పారిస్‌లో పాత ప్రభుత్వ భవనాల గోడల మీద ఇప్పటికీ ఒక హెచ్చరిక కనిపిస్తుంది: "పోస్టర్లు అంటించరాదు, 1881 జూలై 29 నాటి చట్టం". ఆ చట్టం ప్రధానంగా పత్రికా స్వేచ్ఛ కోసం వచ్చింది. పనిలో పనిగా పోస్టర్ల మీద ఉన్న ఆంక్షల్ని కూడా చాలావరకు ఎత్తేసింది. ఇక ఆ తర్వాత పారిస్ గోడలకు ఖాళీ లేదు. సబ్బులు, బిస్కెట్లు, సైకిళ్ళు, దీపాల నూనె, నాటకాలు, రైళ్ళు, సారాయిలు, అన్నీ రంగుల్లో గోడెక్కాయి. రాత్రిళ్ళు వాటిని జాగ్రత్తగా ఊడదీసుకుని ఇంటికి పట్టుకుపోయేవాళ్ళు కూడా బయల్దేరారు. అంటే వీటిని ఇంట్లో పెట్టుకోవాలన్న సరదా ఇవాళ్టిది కాదు.

ఇంటి అలంకరణ కోణంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ఇది రోడ్డు మీద నడిచిపోయేవాడు అవతలి పేవ్‌మెంట్ మీంచి ఒక్క క్షణం చూసి గుర్తుపెట్టుకోవడానికి గీసిన బొమ్మ. దగ్గర కూర్చుని తీరిగ్గా చూసే చిత్రం కాదు. అందుకే దీనికి సైజు కావాలి, దూరం కావాలి, చుట్టూ ఖాళీ గోడ కావాలి. కింద చెప్పే పద్ధతులన్నీ ఇందులోంచి వచ్చినవే.

1. ముందు కాలం ఎంచుకోండి

"ఫ్రెంచి వింటేజ్ పోస్టర్" అని వెతికితే అన్నీ కలగాపులగంగా వస్తాయి. నిజానికి ఇందులో మూడు నాలుగు వేర్వేరు ప్రపంచాలున్నాయి. ఒకదాని పక్కన ఇంకోటి పెడితే గొడవ పడతాయి.

మొదటిది 1890ల ప్రపంచం. దీనికి పునాది వేసినవాడు జూల్ షెరె. లండన్‌లో పని నేర్చుకుని 1866లో పారిస్‌లో ప్రెస్ పెట్టాడు. పెద్ద పెద్ద రాళ్ళ మీద నేరుగా బొమ్మ గీసి, ఒక్కో రంగుకి ఒక్కో రాయి వాడి అచ్చు వేసేవాడు. రంగుల్ని చిలకరించినట్టుగా చుక్కలు చుక్కలుగా వేయడం ఆయన ప్రత్యేకత. గాల్లో తేలుతున్నట్టు నవ్వుతూ ఉండే ఆడవాళ్ళు, పసుపు, ఎరుపు, నీలం రంగులు కనిపిస్తే షెరె అనుకోవచ్చు. ఆయన వెనకాలే తులూజ్ లోత్రెక్ 1891లో మూలాఁ రూజ్ నాట్యశాలకి వేసిన పోస్టర్‌తో రాత్రికి రాత్రే ఊరంతా తెలిశాడు. ఇప్పటి చెక్ దేశంలో పుట్టిన ముఖా నటి సారా బెర్నార్ నాటకం కోసం వేసిన "జిస్మోండా" పోస్టర్ 1895 జనవరిలో గోడలెక్కింది. స్టైన్‌లెన్ అనే ఆర్టిస్టు వేసిన నల్లపిల్లి పోస్టర్ 1896ది. ఆ పిల్లి ఇప్పుడు కప్పుల మీద, కర్టెన్ల మీద, ఫోన్ కవర్ల మీద కూడా ఉంది కాబట్టి గోడ మీద ఇంకోసారి అవసరమా అని నా అభిప్రాయం. అదే స్టైన్‌లెన్ 1894లో పాల కంపెనీకి వేసినది చూడండి. ఎర్ర గౌను వేసుకున్న చిన్నపిల్ల గిన్నెలోంచి పాలు తాగుతుంటుంది, కింద మూడు పిల్లులు ఆశగా చూస్తుంటాయి. ఆ పిల్ల ఆయన కూతురే. డైనింగ్ టేబుల్ దగ్గర పెట్టడానికి ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు.

మన ఇళ్ళలో లక్ష్మీ సరస్వతుల పటాలు చేరింది కూడా ఈ రాతి అచ్చు పుణ్యమే. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టించిన ప్రెస్సులో వాడింది ఇదే విద్య.

రెండో ప్రపంచం కాపియెల్లోది. ఇటలీలో లివోర్నోలో పుట్టి పారిస్‌లో కార్టూన్లు వేసుకుంటున్న ఈయన 1903లో క్లౌస్ చాక్లెట్ కోసం ఒక పోస్టర్ వేశాడు. నల్లటి నేపథ్యం, ఎర్ర గుర్రం, దాని మీద ఆకుపచ్చ బట్టల్లో ఒకావిడ. గుర్రానికీ చాక్లెట్‌కీ ఏ సంబంధమూ లేదు. జనం కొట్లకి వెళ్ళి "ఎర్ర గుర్రం చాక్లెట్ ఇవ్వండి" అని అడిగేవారని చెబుతారు. సరుకు వివరాలు చెప్పే బదులు మరిచిపోలేని ఒక ఆకారాన్ని పడేస్తే చాలని కాపియెల్లో కనిపెట్టాడు. ఆధునిక ప్రకటన అక్కడ మొదలైందని చాలామంది అంటారు. ఇంటి గోడకి నా మొదటి ఓటు ఆయనకే. చదునైన నల్లటి నేపథ్యం మీద ఒక్క వెలుగు ఆకారం ఉంటుంది కాబట్టి ఇరవై అడుగుల హాల్లో అవతలి చివరి నుంచి కూడా బొమ్మ అందుతుంది.

మూడోది 1920, 30ల జామెట్రీ. కసాండ్ర్ పేరుతో పనిచేసిన ఆర్టిస్టు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో పుట్టాడు. 1927లో రైల్వేలకి వేసిన "ఎత్వాల్ దు నోర్", 1935లో "నార్మండీ" ఓడ పోస్టర్ అందరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అదే రోజుల్లో రోజే బ్రోదేర్స్ పారిస్, లియోన్, మధ్యధరా తీరాల్ని కలిపే రైల్వే కంపెనీకి ఆల్ప్స్ కొండలు, నీలి సముద్రాలు గీశాడు. ఫ్లాట్లలో ఉండే సన్న గీతల ఫర్నిచర్‌కి ఇవి బాగా నప్పుతాయి.

నాలుగోది యుద్ధం తర్వాతి హాస్యం. కసాండ్ర్ దగ్గరే సహాయకుడిగా చేసిన సావిన్యాక్, 1949లో ఒక ఆవునీ దాని పొదుగు కింద సబ్బునీ గీసి మోన్‌సావోఁ సబ్బు కంపెనీకి అమ్మాడు. విల్‌మో గీసిన ఆరంజీనా పోస్టర్లు కూడా ఈ కోవే. పిల్లల గదికీ వంటింటి గోడకీ బాగుంటాయి.

ఒక గదికి ఒక ప్రపంచం చొప్పున పెట్టుకోండి. ముఖా పక్కన కసాండ్ర్‌ని పెడితే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది.

2. బొమ్మలో ఏం అమ్ముతున్నారో చూసుకోండి

బొమ్మ నచ్చి తెచ్చుకున్నాక అందులో సరుకేమిటో తెలిసి ఇబ్బంది పడేవాళ్ళు ఉంటారు. ఈ పోస్టర్లలో చాలా భాగం మద్యానివే. కాపియెల్లో 1906 నాటి పచ్చ దెయ్యం సీసా మూత తీస్తున్నది మొరాఁ కీనా అనే మద్యం కోసం. కసాండ్ర్ 1932లో మూడు బొమ్మల్లో గీసిన టోపీ మనిషి దుబొనె అనే మద్యం తాగుతూ తాగుతూ రంగుతో నిండుతాడు. ముఖా "జాబ్" అనే సిగరెట్ కాగితం కంపెనీకి వేసిన పోస్టర్లోని అందగత్తె చేతిలో ఉన్నది సిగరెట్. మీకు పట్టింపు లేకపోవచ్చు. అత్తగారు, నాన్నగారు హాల్లో కూర్చుని అడిగినప్పుడు మీరు ఏం చెబుతారన్నది మీ ఇంటి సంగతి. పట్టింపు ఉంటే చాక్లెట్, బిస్కెట్, సైకిల్, రైలు, సబ్బు పోస్టర్లు కావలసినన్ని ఉన్నాయి.

ఇంకో రకం గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. వలసపాలన కాలపు పోస్టర్లలో ఆఫ్రికా వాళ్ళని వెక్కిరింతగా చూపించినవి చాలా ఉన్నాయి. బనానియా కోకో పొడి ప్రకటనల్లో 1915లో మొదలైన సెనెగల్ సైనికుడి బొమ్మ వాటిలో బాగా తెలిసినది. చరిత్రగా మ్యూజియంలో చూడటం వేరు, భోజనాల గదిలో అలంకరణగా వేలాడదీయడం వేరు. నేనైతే పెట్టను.

3. అసలుదా, పాత చిన్న ముద్రణా, కొత్త ప్రింటా?

మీ ముందు మూడు దారులున్నాయి. ఖర్చులో వీటి మధ్య భూమ్యాకాశాల తేడా ఉంటుంది.

అసలు పోస్టర్ కొనాలంటే యూరప్, అమెరికా వేలం సంస్థలూ పోస్టర్ డీలర్లూ ఉన్నారు. పేరున్న ఆర్టిస్టుల జోలికి పోకుండా, ఊరూ పేరూ తెలియని వాళ్ళు గీసిన వర్తక పోస్టర్లు చూస్తే ధర మధ్యతరగతికి అందేంత దిగుతుంది. ఇండియాకి తెప్పించుకుంటే కస్టమ్స్, కొరియరు, బీమా కలిపి లెక్క కట్టుకున్నాకే పాట పాడండి.

అసలుదో కాదో తేల్చుకోవడానికి పదింతలు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఒకటి చాలు. రాతి అచ్చులో రంగు, చాక్‌పీసుతో గరుకు గోడ మీద రాసినట్టు, క్రమం లేని గింజలుగా కనిపిస్తుంది. ఆధునిక ఆఫ్‌సెట్ ముద్రణలో నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు ఒకే వరసలో, చిన్న చిన్న పువ్వుల్లా కనిపిస్తాయి. ఆ పువ్వులు కనబడితే 1890ల నాటిదన్న మాట నమ్మకండి. ఆ తర్వాత కాగితం చూడండి. అసలు పోస్టర్లు నాలుగు వారాలు గోడ మీద ఉంటే చాలన్నట్టు పల్చని చవక కాగితం మీద వేసేవారు. మందంగా, మెరుస్తూ ఉంటే అనుమానించాలి. కింద అంచులో ముద్రాపకుల పేరు ఉంటుంది. షెరెకి షే, ముఖాకి షాంపెన్వా, కాపియెల్లోకి వెర్కాసోఁ, స్టైన్‌లెన్‌కి వెర్నో ప్రెస్సులు. ఇక కొలత. లోత్రెక్ మూలాఁ రూజ్ పోస్టర్ దాదాపు 190 సెం.మీ. ఎత్తు ఉంటుంది. "ఒరిజినల్" అంటూ రెండడుగులది చూపిస్తే వచ్చిన దారినే వెనక్కి రండి.

మడతల గీతలు, పన్ను కట్టినట్టు అంటించిన స్టాంపు, చిన్న చిరుగులు, ఇవేవీ లోపాలు కావు. మడిచి పంపడం అప్పట్లో మామూలే. వెనక బట్ట అంటించి ఉన్నా కంగారు పడకండి. గోధుమ గంజితో ముందు పల్చటి కాగితం, దాని వెనక నూలు బట్ట అంటించి పోస్టర్‌ని నిలబెట్టడం డీలర్లందరూ చేసేదే. దాన్ని నీళ్ళతో మళ్ళీ విడదీయవచ్చు కూడా. బొమ్మ మధ్యలో, ముఖం మీద కొత్తగా రంగు దిద్దారేమో మాత్రం పక్కనుంచి లైటు వేసి చూడండి.

రెండో దారి అందరూ పట్టించుకోనిది, నాకు బాగా నచ్చినది. పోస్టర్లకి గిరాకీ పెరిగాక షే ప్రెస్సు 1895 నుంచి 1900 వరకు "మేత్ర్ ద లఫీష్" అనే పేరుతో నెలకి నాలుగు చొప్పున పోస్టర్ల చిన్న ముద్రణలు వేసి చందాదారులకి పంపింది. మొత్తం 256 ముద్రణలు. కాగితం సుమారు 29 × 40 సెం.మీ. కింది మూల రంగు లేకుండా నొక్కిన ముద్ర ఉంటుంది. ఇవి కూడా ఆ కాలంలో రాతితో అచ్చయినవే, ఫ్లాట్ గోడకి సరిపోయే సైజువే. పెద్ద పోస్టర్ ధరలో చిన్న భాగానికే దొరుకుతాయి. అయితే ఇవి హాలుకి కాదు. దగ్గరగా నడిచే వరండా గోడకో, చదువుకునే బల్ల పైకో పనికొస్తాయి.

మూడోది, మనలో ఎక్కువమంది చేసేది, మంచి స్కాన్ తీసుకుని ప్రింటు వేయించుకోవడం. దీనికి కాస్త వివరంగా చెప్పాలి.

4. ప్రింటు వేయించుకునేటప్పుడు

ఫైలు ఎక్కడ దొరుకుతుంది? షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్లలో పెద్ద ఫైళ్ళు ఉచితంగా ఉన్నాయి. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా సైటులో వ్యాపారం కాని వాడకానికి దించుకోవచ్చు. ఫ్రెంచిలో పోస్టర్‌ని అఫీష్ అంటారు కాబట్టి ఆర్టిస్టు పేరుకి ఆ మాట కలిపి వెతికితే పుస్తకాల బొమ్మలు తప్పుకుని ఇవే ముందుకొస్తాయి.

హక్కుల సంగతి. ఇండియాలో ఆర్టిస్టు చనిపోయాక 60 ఏళ్ళు, ఫ్రాన్స్‌లో 70 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. లోత్రెక్ (1901), షెరె (1932), ముఖా (1939), కాపియెల్లో (1942) పోయి చాలా కాలమైంది కాబట్టి వాళ్ళ బొమ్మలకి ఇబ్బంది లేదు. కసాండ్ర్ 1968లో, విల్‌మో 1989లో, సావిన్యాక్ 2002లో పోయారు. వీళ్ళ బొమ్మలు కావాలంటే అనుమతితో వేసిన ప్రింట్లు కొనుక్కోండి. అమెరికాలో ఉన్నవాళ్ళకి పాత బొమ్మల లెక్క వేరే, అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్ళు.

ఇక పిక్సెల్స్. 60 × 80 సెం.మీ. ప్రింటు అంగుళానికి 200 చుక్కల్లో రావాలంటే ఫైలు సుమారు 4,700 × 6,300 పిక్సెల్స్ ఉండాలి. 300 ఉంటే ఇంకా మంచిదే, కానీ అవసరం లేదు. ఆరడుగుల దూరం నుంచి చూసే పోస్టర్‌కి 150 కూడా సరిపోతుంది, అంటే సుమారు 3,550 × 4,700. ఫొటోల సైట్లలో దొరికే 1,200 పిక్సెళ్ళ బొమ్మని మాత్రం సాగదీయకండి. అక్షరాల అంచులు మసకబారతాయి. పోస్టర్‌లో ముందు కనబడేవి అక్షరాలే.

రంగు సరిచేయాలన్న ఉబలాటం ఆపుకోండి. స్కాన్‌లో కాగితం పసుపుగా ఉంటుంది, అది వందేళ్ళ కాగితం కాబట్టి. దాన్ని తెల్లగా మారిస్తే ఎరుపులన్నీ ప్లాస్టిక్ బకెట్ రంగుకి తిరుగుతాయి. కింద ముద్రాపకుల పేరున్న అంచు కూడా కత్తిరించకండి.

వీధి చివర ఫ్లెక్సీల షాపుకి వెళ్ళకండి. వాళ్ళది ఎండలో, వానలో నిలబడే బ్యానర్ల పని. ఆర్ట్ ప్రింట్లు, ఫొటో ఎగ్జిబిషన్ ప్రింట్లు వేసేవాళ్ళు హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్ళలో ఉన్నారు, ఆన్‌లైన్లోనూ ఉన్నారు. రెండు ప్రశ్నలు అడగండి: పిగ్మెంట్ ఇంకేనా? ఆసిడ్ లేని మ్యాట్ కాగితం ఉందా? 200 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మధ్య కాటన్ కాగితం బాగుంటుంది. గ్లాసీ వద్దు, రాతి అచ్చుకి ఆ మెరుపు ఉండదు. కాన్వాస్ అసలే వద్దు. షాపువాళ్ళు "రిచ్‌గా ఉంటుంది సార్" అని కాన్వాసే చూపిస్తారు, కానీ ఈ పోస్టర్లు ఏనాడూ బట్ట మీద అచ్చవలేదు. ఆ నేత గీతలు చదునైన రంగుని పాడుచేస్తాయి. మొత్తం వేయించే ముందు బొమ్మలో ఒక ముఖం, కొన్ని అక్షరాలు ఉన్న ముక్కని అసలు కొలతలోనే ఏ4 కాగితం మీద వేయించి, ఇంటికి తెచ్చి, పగలూ రాత్రీ చూడండి.

5. గోడకి ఎంత సైజు?

ఫ్రాన్స్‌లో పెద్ద వీధి పోస్టర్ 120 × 160 సెం.మీ. (సుమారు 4 × 5¼ అడుగులు). రైల్వే ప్రయాణ పోస్టర్లు ఎక్కువగా 62 × 100 సెం.మీ. దగ్గర ఉంటాయి. 60 × 80 కూడా మామూలే.

నేను వాడే లెక్క ఇది: బొమ్మ మూల నుంచి ఎదురు మూలకి ఎంతుందో కొలిచి, దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దూరంలో మనిషి కూర్చోవాలి. 60 × 80కి ఐదు నుంచి ఆరున్నర అడుగులు చాలు. 120 × 160కి పది నుంచి పదమూడు అడుగులు కావాలి. హాలు చిన్నదైతే పెద్దది కొనాలన్న మోజు చంపుకోవాలి. పెద్ద హాలులో చిన్నది పెట్టడం అంతకంటే పెద్ద తప్పు, జనం ఎక్కువగా చేసేది కూడా అదే. భయపడి చిన్నది కొని, వెలితిగా ఉందని పక్కన ఇంకో ఆరు చిన్నవి చేరుస్తారు. అప్పుడు గోడ పెళ్ళి ఆల్బమ్ అవుతుంది. ఒక గోడకి ఒక్కటే పెట్టండి. మరీ కావాలంటే ఒకే సైజువి, ఒకే ఆర్టిస్టువి రెండు.

కొనే ముందు పాత పేపర్లు అతికించి ఆ సైజు ముక్క చేసి, మాస్కింగ్ టేపుతో గోడకి అంటించి వారం రోజులు ఉంచండి. సోఫా పైన అయితే దాని వెడల్పులో మూడింట రెండొంతుల వరకు ఉండొచ్చు. సోఫా అంచుకీ ఫ్రేముకీ మధ్య 15 నుంచి 20 సెం.మీ. వదలండి. ఖాళీ గోడ మీదైతే బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145, 150 సెం.మీ. ఎత్తులో ఉండాలి. మనవాళ్ళకి పటాన్ని తలుపు పైదాకా ఎక్కించే అలవాటు ఉంది. దేవుడి పటాలకి అది సరే, దీనికి కాదు.

గోడ రంగు తేలిగ్గా ఉంటే చాలు. ఫ్లవర్ వాల్‌పేపర్, టెక్స్చర్ పెయింట్ ఉన్న గోడని వదిలేయండి.

6. పటం కట్టించడం

మన ఫ్రేముల షాపుల్లో చేతి పని బాగుంటుంది. చిక్కంతా వెనక పెట్టే సరుకుతోనే. హార్డ్‌బోర్డ్, అట్ట, బ్రౌన్ టేపుల్లో ఆసిడ్ ఉంటుంది. నాలుగైదేళ్ళలో కాగితం గోధుమ రంగుకి తిరగడం అక్కడే మొదలవుతుంది. ఆసిడ్ లేని బోర్డు మీరే తెప్పించి ఇచ్చి, హార్డ్‌బోర్డ్‌ని దాని వెనక పెట్టమనండి.

అద్దం బదులు యూవీ కిరణాలు ఆపే ఆక్రిలిక్ షీటు అడగండి. ఒక చదరపు మీటరు 4 మి.మీ. అద్దం 10 కిలోలు తూగుతుంది, 3 మి.మీ. ఆక్రిలిక్ మూడున్నర కిలోలే. 120 × 160 ఫ్రేముకి ఇది 19 కిలోలకీ 7 కిలోలకీ ఉన్న తేడా. ఆక్రిలిక్ మీద గీతలు త్వరగా పడతాయి, మెత్తటి బట్టే వాడాలి.

కాగితం అద్దానికి తగలకూడదు. మన ఉక్కపోతకి అతుక్కుపోతుంది. ఫ్రేము లోపల సన్నని పట్టీలు వేసి కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉంచమనండి. పోస్టర్‌కి తన అంచు తనకి ఉంటుంది కాబట్టి చుట్టూ మౌంట్ (బొమ్మకీ ఫ్రేముకీ మధ్య పెట్టే అట్ట అంచు) అక్కర్లేదు. చిన్న ముద్రణలకి మాత్రం రెండు మూడు అంగుళాల మౌంట్ అందాన్నిస్తుంది. ఫ్రేము సన్నగా, నలుపో టేకు రంగో చాలు. బంగారు నగిషీ ఫ్రేములు వద్దు.

అసలు పోస్టర్‌ అయితే ఫెవికాల్, డబుల్ టేపు, లామినేషన్ అనే మూడు మాటలూ షాపులో వినబడకూడదు. పై అంచున పల్చటి జపాన్ కాగితపు ముక్కల్ని గంజితో అతికించి వేలాడదీయాలి. కొత్త ప్రింటుకి ఇంత మడి అక్కర్లేదు.

7. తగిలించడం, తర్వాత చూసుకోవడం

ఎక్కడ పెట్టకూడదో ముందు చూడండి. బాత్‌రూమ్‌ని ఆనుకున్న గోడ, వానాకాలంలో చెమ్మ దిగే బయటి గోడ, మధ్యాహ్నం ఎండ నేరుగా పడే గోడ, స్టవ్ ఎదురు గోడ. సముద్రం దగ్గర ఊళ్ళలో ఉన్నవాళ్ళు చెమ్మ సంగతి ఇంకా గట్టిగా చూసుకోవాలి. ఫ్రేము కింది రెండు మూలల వెనక చిన్న రబ్బరు బుడిపెలు అంటిస్తే గోడకీ దానికీ మధ్య గాలి ఆడుతుంది, వెనక బూజు పట్టదు.

బరువు ఐదు కిలోలు దాటితే ఒక్క మేకు మీద నమ్మకం పెట్టుకోవద్దు. డ్రిల్ చేసి, ప్లగ్గులు పెట్టి, రెండు స్క్రూలకి తగిలించండి. ఒంకర పోకుండా కూడా ఉంటుంది. లైటు పైనుంచి, కొంచెం ముందు నుంచి పడేలా వార్మ్ ఎల్ఈడీ చాలు. ఎదురుగా ట్యూబ్‌లైటు ఉంటే ఆక్రిలిక్‌లో అదే కనిపిస్తుంది, బొమ్మ కనిపించదు.

ఏడాదికోసారి, వానలు తగ్గాక, దించి వెనక చూడండి. సిల్వర్ ఫిష్ పురుగులకి గంజి, కాగితం అంటే ప్రాణం. చెదలు వచ్చే ఇల్లయితే చెక్క ఫ్రేము బదులు అల్యూమినియం తీసుకోండి. అద్దం తుడిచే స్ప్రే ఆక్రిలిక్ మీద నేరుగా కొట్టకండి. తడి బట్ట గట్టిగా పిండి తుడవండి. అసలు పోస్టర్ మీద గోధుమ రంగు మచ్చలు కొత్తగా కనిపిస్తే ఫ్రేముల షాపుకి కాకుండా కాగితం బాగుచేసే కన్జర్వేటర్ దగ్గరికే తీసుకెళ్ళండి. అప్పటిదాకా దాన్ని ఫ్రేములోంచి తీసి, ఆసిడ్ లేని కాగితాల మధ్య, పొడిగా ఉన్న గదిలో పరిచి ఉంచండి, చుట్టకండి.